డానా ప్లేటోది శాపం కాదు

1991 ఫిబ్రవరి 28. లాస్ వేగాస్‌లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే ఒక షాపులోకి 26 ఏళ్ల అమ్మాయి వచ్చింది. చేతిలో తుపాకీ ఉంది. గల్లాపెట్టెలో ఉన్న 164 డాలర్లు తీసుకుని వెళ్లిపోయింది. కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి పోలీసులకు ఫోన్ చేసి, టీవీ సీరియల్‌లో కింబర్లీ వేషం వేసిన అమ్మాయి ఇప్పుడే మా షాపును దోచుకుంది అని చెప్పారు. కాసేపటికి ఆమే మళ్లీ అక్కడికి వచ్చి దొరికిపోయింది. ఆ తుపాకీ ప్రాణాలు తీసేది కాదు, చిన్న ఛర్రాలు పేల్చేది.

ఆమె పేరు డానా ప్లేటో. 1978లో అమెరికాలో మొదలై ఎనిమిది సీజన్లు నడిచిన ‘డిఫ్‌రెంట్ స్ట్రోక్స్’ సీరియల్‌లో ఇంటి కూతురు కింబర్లీ. అందులో పిల్లలుగా నటించిన ముగ్గురి జీవితాలూ తర్వాత అతలాకుతలమయ్యాయి. గ్యారీ కోల్‌మన్ తన సంపాదన కోసం కన్నవాళ్ల మీదే కోర్టుకెళ్లారు. టాడ్ బ్రిడ్జెస్ కొకైన్‌కు బానిసై, హత్యాయత్నం కేసులో బోనెక్కి, నిర్దోషిగా బయటికొచ్చారు. డానా 34 ఏళ్లకే పోయింది. అమెరికా మీడియా దీన్నంతా ఆ సీరియల్‌కు తగిలిన శాపం అంది.

ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. శాపం అన్నామంటే ఎవరి తప్పూ లేదన్నట్టే. డానా జీవితంలో జరిగిన వాటిలో చాలావాటికి చేసినవాళ్లున్నారు, చూస్తూ ఊరుకున్నవాళ్లున్నారు.

1964 నవంబర్‌లో పుట్టింది డానా. కన్నతల్లి పెళ్లికాని టీనేజ్ అమ్మాయి, అప్పటికే ఇంకో పసిబిడ్డను సాకుతోంది. ఏడాది తిరక్కముందే డానాను ప్లేటో దంపతులు దత్తత తీసుకున్నారు. కొన్నేళ్లకే వాళ్లూ విడిపోయారు. ఆ తర్వాత డానాకు పెంచిన తల్లే లోకం. ఏడేళ్ల వయసులో ప్రకటనల్లో నటించడం మొదలుపెట్టింది. మంచు మీద స్కేటింగ్ కూడా శ్రద్ధగా నేర్చుకుంది. సీరియల్ అవకాశం రావడంతో అది వెనక్కి పోయింది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు చెందిన ఇద్దరు నల్లజాతి అన్నదమ్ములను మన్‌హటన్‌లోని ఒక శ్రీమంతుడు దత్తత తీసుకోవడమే ఆ సీరియల్ కథ. నిజజీవితంలో దత్తత వచ్చిన పిల్ల ఆ తెరమీది ఇంట్లో కన్నకూతురు. దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

14 ఏళ్లకే ఆమె వేలియం అనే, ఆందోళన తగ్గించే మాత్రలు మోతాదు మించి మింగి ప్రాణాల మీదికి తెచ్చుకుంది. అప్పటికి దేశమంతా ఆమెను చూస్తోంది. ప్రతివారం సెట్‌లో దర్శకుడు, నిర్మాతలు, టీచర్, మేకప్‌వాళ్లు, తోటి నటులు ఉంటారు. 1983లో అమెరికా అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ పిల్లలకు మత్తుమందుల ప్రమాదం గురించి చెప్పడానికి ఆ సీరియల్‌లోనే ఒక ఎపిసోడ్‌లో కనిపించారు. దేశంలోని పిల్లలందరికీ హితవు చెప్పడానికి ఎంచుకున్న సెట్‌లోనే, అప్పటికే ఒకసారి మాత్రలతో చావు దాకా వెళ్లొచ్చిన పిల్ల పనిచేస్తోంది. ఆ పిల్లకు చికిత్స ఇప్పించడం ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు. షూటింగ్ ఆగకపోవడం మాత్రం అందరి ఉద్యోగంలోనూ భాగమే.

1984కు వద్దాం. నా దృష్టిలో ఆమె జీవితం మలుపు తిరిగింది దొంగతనం రోజున కాదు, ఆ ఏడాదే. ఏప్రిల్‌లో పెళ్లి, జూలైలో కొడుకు. ఆమెకు 19 ఏళ్లు. గర్భవతి అయిన కింబర్లీ తమ సీరియల్‌కు పొసగదని నిర్మాతలు అనుకున్నారు. కథలో ఆమెను చదువు పేరుతో పారిస్ పంపించేశారు. నిర్మాతల వైపు నుంచి కూడా చూడాలి. అప్పటికే ఆమె తాగుడు, మాత్రలు సెట్‌లో ఇబ్బందిగా మారాయని చెప్పినవాళ్లున్నారు. కానీ ఇది మత్తుమందుల మీదా, పిల్లల మీద లైంగిక అఘాయిత్యాల మీదా ధైర్యంగా ఎపిసోడ్లు తీసిన సీరియల్. పెళ్లయిన 19 ఏళ్ల అమ్మాయి కడుపుతో ఉండటం మాత్రం వాళ్ల కథలో పట్టలేదు. తర్వాత అప్పుడప్పుడు అతిథిలా పిలిచారు. 1986లో ఒక ఎపిసోడ్‌లో కింబర్లీకి బులీమియా ఉన్నట్టు, అంటే తిన్నదంతా కక్కేసే జబ్బు ఉన్నట్టు చూపించారు. అప్పటికీ ఆమె జబ్బు కథకు పనికొచ్చింది, ఆమె బిడ్డ పనికిరాలేదు.

ఏడేళ్ల వయసు నుంచీ ఒక్కటే పని చేసిన మనిషికి ఆ పని పోతే ఏం మిగులుతుంది? చదువు అంతంతమాత్రం, ఇంకో ఉద్యోగం చేసిన అనుభవం లేదు. వీధిలో ఎవరు చూసినా కింబర్లీ అనే పిలుస్తారు. ఆడిషన్‌కు వెళ్లినా అదే పేరు అడ్డం.

1988 జనవరిలో తల్లి స్క్లెరోడెర్మా జబ్బుతో చనిపోయింది. సరిగ్గా అదే రోజుల్లో భర్త వదిలి వెళ్లిపోయాడు. ఆ దిక్కుతోచని స్థితిలో తన డబ్బు వ్యవహారాలు చూసే అధికారమంతా ఒక అకౌంటెంట్‌కు రాసిచ్చానని, అతను ఉన్నదాంట్లో చాలావరకు పట్టుకుపోయాడని డానా తర్వాత చెప్పుకుంది. విడాకులయ్యాక కొడుకు తండ్రి దగ్గరికి వెళ్లాడు.

లాస్ వేగాస్ చేరాక కొంతకాలం డ్రైక్లీనింగ్ షాపులో పనిచేసింది. ఒకప్పటి టీవీ స్టార్‌నన్న బెట్టు ఆమెలో ఏమాత్రం లేదని అక్కడికొచ్చినవాళ్లు మెచ్చుకున్నారట. ఆమె పతనం గురించి రాసినవాళ్లు ఈ ఉద్యోగాన్ని కూడా ఒక దిగజారిన మెట్టుగానే లెక్కేస్తారు. నాకు మాత్రం ఆమె నిటారుగా నిలబడింది అక్కడే అనిపిస్తుంది. బట్టలు తీసుకుని, చీటీ రాసిచ్చి, జీతం పుచ్చుకోవడంలో పతనం ఏముంది?

దొంగతనం కేసులో 13,000 డాలర్ల బెయిలు కట్టింది వేగాస్ గాయకుడు వేన్ న్యూటన్. కోర్టు అయిదేళ్ల ప్రొబేషన్ విధించింది, అంటే జైలుకు పంపకుండా నిఘాలో ఉంచింది. మరుసటి ఏడాదే వేలియం కోసం దొంగ ప్రిస్క్రిప్షన్ సృష్టించి మళ్లీ అరెస్టయింది, 30 రోజులు జైల్లో ఉంది. ఆ తప్పులు ఆమెవే. వాటిని కప్పిపుచ్చాల్సిన పని లేదు.

చట్టం సంగతి కూడా చూడాలి. మూకీ సినిమాల కాలంలో జాకీ కూగన్ అనే బాలనటుడు లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూస్తే తల్లీ, మారుతండ్రీ దాదాపు అంతా ఖర్చుపెట్టేశారు. ఆయన కోర్టుకెళ్లిన ఫలితంగా 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదన కాపాడే చట్టం వచ్చింది. దానికి కంతలు చాలా ఉండేవి. అందుకే 50 ఏళ్ల తర్వాత కూడా కోల్‌మన్ అదే గొడవతో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 1993లో కోర్టు ఆయనకు సుమారు 12.8 లక్షల డాలర్లు ఇప్పించింది. పిల్లల సంపాదన పిల్లలదే అని స్పష్టంగా చెప్పి, అందులో 15 శాతం ట్రస్టు ఖాతాలో వెయ్యాల్సిందేనని చట్టాన్ని సవరించాక, అది 2000 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. డానా చనిపోయి అప్పటికి దాదాపు ఎనిమిది నెలలు.

ఆ చట్టం ముందే ఉంటే బతికేదని నేను అనను. ఆమె డబ్బు పోయింది పెద్దయ్యాకే. ఏడేళ్ల వయసు నుంచి సంపాదిస్తున్న పిల్లకు డబ్బు లెక్క చూసుకోవడం, సంతకం పెట్టేముందు కాగితం చదవడం, ఈ పని పోతే ఇంకేం చెయ్యాలో ఆలోచించడం ఎవరు నేర్పాలి? ఏ సవరణలోనూ దానికి జవాబు లేదు.

తర్వాత దొరికిన పనులు చిన్నవి. ఒక వీడియో గేమ్‌లో నటిస్తే, దాని మీద 1993లో అమెరికా సెనేట్ విచారణలో రచ్చ జరిగింది. ఆమె నటించిన ఒక శృంగార చిత్రానికి పాత సీరియల్‌ను గుర్తుచేసేలా పేరు మార్చి అమ్ముకున్నారు. ఆమె బాల్యాన్ని రెండోసారి అమ్మారు.

1999 మే 7న న్యూయార్క్‌లో హోవార్డ్ స్టర్న్ రేడియో షోకు వెళ్లింది. మత్తుమందులు మానేసి పదేళ్లు దాటిందని, పళ్లు తీయించుకున్నాక డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు తప్ప ఏమీ వాడలేదని చెప్పింది. ఫోన్ చేసిన వారిలో కొందరు అండగా మాట్లాడారు. కొందరు జైలుపక్షి అని, మత్తులోనే ఉన్నావని తిట్టారు. కావాలంటే నా జుట్టు తీసుకుని పరీక్ష చేయించండి అంది. నిజంగానే కొన్ని వెంట్రుకలు కత్తిరించారు. షో అయ్యాక వాటిని తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. అబద్ధమాడినందుకే అడిగిందని కొందరు అంటారు. అయి ఉండొచ్చు. అయినా 34 ఏళ్ల మనిషి లక్షలమంది వింటుండగా తన ఒంట్లోంచి రుజువు తీసి ఇవ్వాల్సి రావడమే నన్ను బాధిస్తుంది. అందులో విచారించేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. పక్కన కూర్చుని ఇక చాలు అనేవాళ్లు లేరు.

మర్నాడు ఓక్లహోమాలోని మూర్ పట్టణంలో, కాబోయే భర్త తల్లి ఇంటి ముందు ఆపిన మోటార్ హోమ్‌లో, అంటే ఇల్లులా వాడుకునే బండిలో, ఆమె చనిపోయింది. మోతాదు మించిన మాత్రలే కారణం. మొదట ప్రమాదం అనుకున్నారు, తర్వాత ఆత్మహత్యగా తేల్చారు. ఆ మర్నాడే అమెరికాలో మాతృ దినోత్సవం.

కొడుక్కి అప్పుడు 14 ఏళ్లు. 2010 మే 6న, తల్లి వర్ధంతికి రెండు రోజుల ముందు, 25 ఏళ్ల వయసులో అతనూ పోయాడు. అదే నెల 28న గ్యారీ కోల్‌మన్ చనిపోయారు. శాపం అనే మాట మళ్లీ వినిపించింది.