డీకలరైజర్ దొరవారికి

మహారాజశ్రీ డీకలరైజర్ దొరవారి సముఖమునకు, హన్మకొండలో మైక్రోబయాలజీ చదువుకుంటున్న ఒక విద్యార్థిని అనేక నమస్కారములతో చేయు విన్నపము.

తమరు క్షేమమే. సింకు పక్కన సీసా నిండుగా, మూత వదులుగా, దర్జాగా ఉన్నారు. ఈ మధ్యాహ్నం ప్రాక్టికల్ పరీక్షలో కొట్టుకుపోయింది నేను.

బాక్టీరియాను రంగుతో రెండు వర్గాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్ అది: రంగు నిలుపుకుని ఊదాగా ఉంటే గ్రామ్ పాజిటివ్, రంగు పోయి గులాబీ అయితే గ్రామ్ నెగెటివ్. ఊదా రంగు క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, దాన్ని పట్టి ఉంచే అయోడిన్ ఒక నిమిషం. వాళ్లు గడియారానికి కట్టుబడతారు. చివర వచ్చే గులాబీ రంగు శాఫ్రనిన్‌తోనూ పేచీ లేదు. మధ్యలో వచ్చి రంగు కడిగే తమరితోనే చిక్కు. 95 శాతం ఇథనాల్‌గా విచ్చేస్తే 10 నుంచి 20 సెకన్లు ఓపిక పడతారు. అసిటోన్ కలుపుకొని వస్తే ఆ ఓపిక తగ్గుతుంది. ఒట్టి అసిటోన్‌గా వస్తే ఒకటి రెండు సెకన్లలోనే ముగించేస్తారు. ఏ వేషంలో వచ్చారో తెలియాలంటే సీసా మీద పేరుండాలి. ఉండేది, మార్కర్‌తో రాశారు. పోసిన ప్రతిసారీ మూతి నుంచి ఒక చుక్క జారి అక్షరాల మీదుగా పాకింది. ఇప్పుడు 'డీ' ఒక్కటి మిగిలింది, దాని కింద నల్లటి చార. సొంత పేరునే కడిగేసుకున్న ఘనులు తమరు.

మాన్యువల్ ఇథనాల్ అంటుంది కాబట్టి ఇథనాల్ లెక్కనే పోశాను. పరీక్ష అయ్యాక అటెండర్ తాపీగా చెప్పాడు: "ఇథనాల్ అయిపోతే అందులో అసిటోన్ పోశామమ్మా."

నాకు వచ్చిన నమూనా స్టాఫైలోకాకస్, గుత్తులు కట్టే గుండ్రటి (కోకై) గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా. దాని పెప్టిడోగ్లైకాన్ గోడ మందం. తమరు తగిలితే ఆ గోడ నీరు కోల్పోయి బిగుసుకుంటుంది, వయొలెట్, అయోడిన్ కలిసి కట్టిన ముద్ద లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగెటివ్ అయిన ఈ.కోలై గోడ పలుచన, పైపొరలోని కొవ్వు కరిగితే రంగు కారిపోతుంది. ఆ తేడా కనబడాలంటే తమరు వేళకు ఆగాలి. ఆగకపోతే మందపాటి గోడ కూడా ఖాళీయే. దొరవారి ముందు గోడలు నిలుస్తాయా?

ఊదాగా ఉండాల్సిన గుత్తులన్నీ గులాబీగా తేలాయి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, ఐపీస్‌కు కన్ను ఆనించి చూశారు. "గ్రామ్ నెగెటివ్ కోకైయా? నైసీరియా అయితే జంటలుగా ఉండాలి కదమ్మా, ఇవి గుత్తులుగా ఉన్నాయేమిటి?" ఆకారం స్టాఫైలోకాకస్‌దే సార్, రంగును నమ్మలేం అన్నాను. "నమ్మలేని రంగు వేయడమెందుకు?" అన్నారు. ల్యాబంతా నవ్వింది.

ల్యాబులోని మిగతా పెద్దల సంగతి క్లుప్తంగా: నూరు రెట్ల లెన్సు మీద పాత బ్యాచ్ వదిలిన నూనె గట్టిపడింది. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు తనిఖీ బృందం వచ్చిన రోజే ముసుగు తీస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు గోడ మీది చార్టులోనే దండం పెట్టుకుంటాం.

నేను అడిగింది ఎంత? అదే స్లైడు మీద అటు తెలిసిన స్టాఫైలోకాకస్, ఇటు తెలిసిన ఈ.కోలై. తెలిసింది కూడా గులాబీ అయితే దొంగ ఎవరో అక్కడే తేలిపోయేది. "పరీక్షలో అవన్నీ ఎందుకు, టైము లేదు" అన్నారు. సీసాకు చీటీ అంటించడానికి ఎంత టైము పడుతుంది? నువ్వెవరో నువ్వే చెప్పుకోలేనప్పుడు, పోయిన మార్కులు నా ఖాతాలో ఎందుకు రాస్తారు?

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో, న్యుమోనియాతో పోయినవారి ఊపిరితిత్తుల్లో సూక్ష్మజీవులను వెతుకుతూ ఈ పద్ధతి కనిపెట్టాడు. ఇన్నేళ్లయినా, మెదడుపొర వాపుతో వచ్చిన రోగి వెన్ను నీటిలో ఏముందో కల్చర్ (పెంచి చూసే పరీక్ష) కంటే ముందు డాక్టరుకు చెప్పగలిగేవాటిలో ఇదొకటి. ఆ మాటకు నీకు దండం పెడతాను. కానీ అక్కడా నీ సీసా మీద పేరు చెరిగి ఉంటే, గులాబీని చూసి మందు మారిపోతుంది. అందుకే నా కోపం మార్కులతో ఆగడం లేదు.

రేపు చౌరస్తాలో కాగితం చీటీలు కొని, నీ పేరు పెన్సిల్‌తో రాసి అంటిస్తాను. పెన్సిల్ రాతను నీ తాత కూడా కడగలేడు.