పవర్ గాగుల్స్ గారికి, సుమారుగా నమస్కారాలు

శ్రీయుత పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ గారికి,

సుమారుగా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా కళ్లు రెండూ క్షేమం. ఎడమది మైనస్ 5, దానికి తోకగా సిలిండర్, అంటే కంటి వంపులోని తేడాకి వేసే పవర్, మైనస్ 1.5. కుడిది మైనస్ 4.25. ‘సుమారుగా’ అన్నానని ఏమీ అనుకోకండి, ఆ మాట మీ దగ్గర నేర్చుకున్నదే.

నేను ఈత నేర్చుకున్నది బందరు కాలువలో. ఆ నీళ్లలో కళ్లు తెరిచినా మూసినా ఒకటే రంగు. పవర్ ఉన్నవాడూ లేనివాడూ అక్కడ సమానం. నీళ్లలో చూడటమనే పని ఒకటి ఉంటుందని నాకు 44 ఏళ్లు వచ్చేదాకా తెలియదు. తెలిసింది అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్‌లో. 2018 దాకా దాన్నే హేవ్‌లాక్ అనేవారు.

అక్కడి ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్‌కి దిగాం, అంటే ముఖానికి మాస్క్, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం. గైడ్ కుర్రాడి తాతగారిది శ్రీకాకుళమట. నన్ను చూడగానే రెండు మాటలన్నాడు. “కళ్లజోడు అమ్మగారికి ఇచ్చీండి బాబూ. మీసం కొంచెం ఇబ్బంది పెడతాది.” కళ్లజోడు ఎందుకంటే, దాని కాడలు మాస్క్ రబ్బరు కింద నుంచి చెవుల దాకా పోవాలి. ఆ సందు చాలు, సముద్రం లోపలికి రావడానికి. మీసం సంగతీ అంతే. ఒక్కొక్క వెంట్రుకా ఒక్కొక్క పిల్లకాలువ. ముక్కు కింద పై వరస కాస్త గీసేస్తే సరిపోతుందన్నాడు. పెళ్లిలో కూడా తీయని మీసం. వ్యాజిలిన్‌తో సర్దుకున్నాం.

తరువాత వాడు మాస్క్ అద్దంలోకి థూ అని ఉమ్మేసి, వేలితో రుద్ది, సముద్రంలో ఒక్కసారి ముంచి నా చేతికిచ్చాడు. ఆవిరి పట్టకుండానట. అద్దం మీద చిన్న చిన్న బొట్లుగా నిలిచే తేమని ఉమ్మి పలచని పొరలా పరుస్తుంది, అందుకే మసక రాదు. సైన్సు సరైనదే. కానీ మా అమ్మ ఎంగిలి గ్లాసుని మూడుసార్లు తొలిచే ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఆ మాస్క్ పెట్టుకున్నప్పుడు ఆవిడ అక్కడ లేకపోవడం మా ఇద్దరికీ మంచిదైంది.

నీళ్లలో తల పెట్టాను. “సూడండి బాబూ, మీ కిందే ఉంది!” అన్నాడు. నాకు కనపడింది ఇంకు ఒలికిన దుప్పటి, దాని మీద పసుపు మరక. నోట్లో గొట్టం ఉంది కాబట్టి “ఊఁ” అన్నాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ‘బాగుంది’ అని ముందే నేర్పాడు. అరగంటలో ఎన్ని సున్నాలు చుట్టానో లెక్కలేదు. డబ్బు కట్టి దిగాక ‘నాకు కనపడటం లేదు’ అని చెప్పుకునే సంప్రదాయం మా ఇంటా వంటా లేదు.

ఆ సాయంత్రం ఫోన్‌కి ఫోటోలు వచ్చాయి. నేను సున్నా చుట్టుకుని తేలుతున్నాను. నా కింద నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండు. నా మోచేతి పక్కనే ఒక చిలుకచేప, ముక్కుతో రాతిని గీరుతోంది. దానికి మాత్రం నేను స్పష్టంగానే కనపడి ఉంటాను. మా ఆవిడ ఫోటోలన్నీ తిప్పి చూసి ఒకటే అడిగింది. “ఇక్కడ ఉత్త ఇసుకేగా ఉంది, దీనికెందుకు అంత బాగుందన్నారు?”

అలా మీ వేట మొదలైంది. మా కాలనీ కళ్లజోళ్ల షాపులో అడిగితే, “నీళ్లలో ఎవరైనా పేపరు చదువుతారా సార్?” అన్నారు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని దిగుతానంటే కంటి డాక్టరు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. నీళ్లలో అకాంథమీబా అని ఒక సూక్ష్మజీవి ఉంటుందట, లెన్సు కిందికి చేరితే నల్లగుడ్డు మీది పొరనే తినేస్తుందట. ఆవిడ చెప్పిన తీరుకి ఆ రోజు స్నానం కూడా కళ్లు మూసుకునే చేశాను.

మా బావగారు లెక్కల మేష్టారు. ఆయన సిద్ధాంతం వేరు. “నీళ్లు కంటి పవర్‌ని తగ్గిస్తాయి. నీకు పవర్ ఎక్కువైంది కాబట్టే మైనస్. మరి నీళ్లలో నీకే అందరికంటే బాగా కనపడాలి కదరా?” వినడానికి ఎంత బాగుందో! కంటికి ఉన్న మొత్తం శక్తి దాదాపు 60 డయాప్టర్లు, మన చీటీల మీది పవర్‌కి కొలత అదే. అందులో 43 దాకా నల్లగుడ్డు మీది పారదర్శక పొరదే, అదీ దాని ముందు గాలి ఉన్నప్పుడు. నీళ్లు తగిలాయంటే ఆ 43లో దాదాపు అంతా గల్లంతు. నాకు ఎక్కువైనవి 5, నీళ్లు పట్టుకుపోయేవి 40కి పైన. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. కంటికీ నీటికీ మధ్య పిడికెడు గాలి నిలపాలి. మీ ఉద్యోగమంతా ఆ గాలిని కాపలా కాయడమే, పవర్ తరువాతి సంగతి.

మీతో పనిలేనివాళ్లూ ఉన్నారు. అదే అండమాన్ సముద్రానికి అవతలి వైపు, థాయ్‌లాండ్ సురిన్ దీవుల్లో మోకెన్ అనే సముద్ర సంచారుల పిల్లలు ఉత్త కళ్లతో నీళ్లలో గవ్వలు ఏరుకుంటారు. స్వీడన్ శాస్త్రవేత్త అన్నా గిస్లెన్ బృందం 2003లో లెక్కకట్టింది. ఐరోపా పిల్లలకంటే వాళ్లకి రెండింతలు మెరుగ్గా కనపడుతుంది. నీళ్లలో వాళ్లు కంటిపాపని బాగా చిన్నది చేసి, లోపలి లెన్సుని బిగిస్తారట. సాధన చేయిస్తే ఐరోపా పిల్లలకీ పట్టుబడింది. నేనూ బకెట్లో తల పెట్టి సాధన చేశాను. చత్వారం వచ్చినవాడి లెన్సు ఎక్కడ బిగుస్తుంది? జలుబు పట్టుబడింది.

చివరికి మీరు దొరికారు. మీలోని ఒక్క మంచి ముందే ఒప్పుకుంటాను. మీ ముందు వైపు చదును, వంపంతా లోపలి వైపు, గాలి ఉన్న చోట. అందుకే నీళ్లలోకి దిగినా మీ నంబరు మారదు. కానీ ఆ నంబరు సంగతే మాట్లాడాలి. నా చీటీ చూపిస్తే మీ పెట్టె మీద రాసి ఉంది: 4, 4.5, 5, 5.5, 6. పావులు లేవు. చిల్లర లేదనే కండక్టర్‌లాగా. సిలిండర్ అసలే లేదు, అందులో సగం తీసి మామూలు పవర్‌లో కలుపుకోవాలట. ఎడమ కన్ను లెక్క 5.75 తేలింది. మీరు 5.5 దగ్గర ఆగారు. కుడి కన్ను 4.25, మీరు 4 అన్నారు. పైగా పెట్టెలో రెండు కళ్లకీ ఒకటే నంబరు! రెండు పెట్టెలు కొని, ముక్కు దగ్గరి క్లిప్పులు విప్పి, ఎడమ ఇక్కడిదీ కుడి అక్కడిదీ కలిపి ఒక జత చేసుకున్నాను. రెండో జత మిగిలింది: ఎడమ 4, కుడి 5.5. అది అద్దంలో నాకు ఎదురుగా నిలబడేవాడికి చక్కగా సరిపోతుంది.

మిమ్మల్ని పెట్టుకుని మొదటిరోజు మా ఊరి పూల్‌లో దిగాను. ఆరు నెలలుగా అవతలి గట్టు దాకా ధీమాగా వెళ్లొస్తున్న పూల్ అది. ఆ గట్టు మీద ఎర్రక్షరాలు ఏదో నినాదం అనుకునేవాణ్ణి. ఆ రోజు చదివాను: ‘ఇక్కడ లోతు 12 అడుగులు’. మళ్లీ అటు పోలేదు. టైమెంతైందో చూద్దామని చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుంటే వాచీ మసక. దూరానికి మీరిచ్చారు, దగ్గరిది చత్వారం పట్టుకుపోయింది.

పోనీ అండమాన్‌కి తీసుకెళ్దామంటే మీరు రాలేరట. ముక్కు బయటే వదిలేస్తారు కాబట్టి, కిందికి మునిగినప్పుడు ముక్కుతో గాలి ఊది ఒత్తిడి సరిచేసే దారి లేదు, కళ్లని పీల్చేస్తారు. దానికి మీ అన్నగారు, ముక్కుని కూడా కప్పే పవర్ మాస్క్, వేరే కొనాలి. ఆయన దగ్గరా అరలేగానీ పావులు లేవని విన్నాను. మీసం గురించి ఇంట్లో చర్చలు నడుస్తున్నాయి.

ఇట్లు,
తమ సుమారు విధేయుడు

తా.క.: మిగిలిన జతని ఉల్లిపాయలు తరిగేటప్పుడు పెట్టుకుంటున్నాను. ఘాటు అసలు తగలడం లేదు. ఎడమ కంటికి పవర్ తక్కువ కావడం దగ్గరి చూపుకి కలిసొచ్చింది, కత్తిపీట స్పష్టంగా కనపడుతోంది. కుడి కంటికి ఉల్లిపాయా కత్తీ ఒకటే. అందుకని కుడి కన్ను మూసి తరుగుతున్నాను. ఈ ఉత్తరం రాసే నాటికి వేళ్లు పదీ ఉన్నాయి.