కాగితం ట్రాక్టరు వెనక టైరు గారికి

మహారాజశ్రీ పెద్ద టైరు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు బల్ల మీద క్షేమం. నా బొటనవేలి తోలు కూడా ఫెవిక్విక్ పుణ్యమా అని తమ దగ్గరే క్షేమంగా ఉంది.

తమ ట్రాక్టర్లో మిగతావాళ్లంతా ఎంత బుద్ధిమంతులండీ! బానెట్టును మడిచి అతికిస్తే నోరెత్తలేదు. మడ్‌గార్డులు వంగమంటే వంగాయి. సైలెన్సరుకి పుల్ల మీద కాగితం చుడితే సరిపోయింది. కొత్తల్లుడి అలకంతా తమ ఒక్కరిదే. గుండ్రంగా ఉండాలి, పక్కలు ఉబ్బాలి, ముడత మాత్రం పడకూడదు! రెండు వైపులా వంపు తిరిగినదాన్ని చదును కాగితంతో ముడత పడకుండా చుట్టడం కుదరదని జర్మన్ గణితవేత్త గౌస్ మహాశయుడు 1827లోనే తేల్చేశాడు. తమరు ఆయన మాటా వినరు.

సరే, దొడ్డిదారిన వచ్చాం. తమరి అసలు సైజు 13.6-28. పదమూడున్నర అంగుళాల పైచిలుకు వెడల్పు, 28 అంగుళాల రిమ్ము. 25వ వంతుకి కుదిస్తే నడుము 14 మిల్లీమీటర్లు. అంటే మిల్లీమీటరు మందం అట్టలో 14 బిళ్లలు. మధ్యవి పెద్దవి, చివరివి కాస్త చిన్నవి. అన్నీ అతికించి, అంచులకు ఫెవిక్విక్ తాగించి, అది రాయయ్యాక ఉప్పుకాగితం పట్టాలి. తాగించకుండా రుద్దితే అట్ట పీచులు లేచి, తమరికి గడ్డం వస్తుంది.

ఇక ఆ గ్రిప్పు! ఒక్కో గట్టుకీ మూడు పొరల అట్ట, బ్లేడుతో ఏటవాలు కోత. ఎడమ గట్టుకి ఎదురుగా కుడి గట్టు ఉండకూడదట, సగం జరిగి ఉండాలట. గట్టు మధ్యకొన ముందు నేలను తాకాలి, అప్పుడే బురద పక్కలకు జారుతుంది. షోకేసులో బురదెక్కడిదండీ? పోనీలే అని తిప్పి బిగిస్తే, ట్రాక్టరు మీద కూర్చుని పొలానికెళ్లిన ఏ బుడ్డోడైనా "టైరు ఉల్టా వేశావేంటి?" అని పరువు తీస్తాడు. అందుకే రిమ్ముతో సహా అతికించేసిన ఎడమ చక్రం కుడివైపుకి పనికిరాదు, మళ్లీ మొదటికి.

రంగు గురించి క్లుప్తంగా చెప్తాను. నల్లరంగు వేస్తే బొగ్గులా ఉన్నారు. బూడిదరంగు కలిపి, గట్ల సందుల్లో ఎర్రమట్టి రంగు పొడిబ్రష్షుతో అద్దాక గానీ రబ్బరనిపించలేదు. అయినా ఒక సందులోంచి కోసిన అట్ట అంచు తెల్లగా పళ్లికిలిస్తూనే ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. 1932లో అమెరికాలో ఆలిస్-చామర్స్ వాళ్లు గాలి టైర్లతో ట్రాక్టరు అమ్మకానికి తెచ్చేదాకా పొలాల్లో ఎక్కువగా ఇనప చక్రాలదే రాజ్యం. మా వైపు ఇప్పటికీ వరి దమ్ముకి టైర్లు ఊడదీసి కేజ్ వీల్స్ అనే ఇనప చక్రాలు బిగిస్తారు. రెండు రింగులు, మధ్యలో అడ్డపట్టీలు. కాగితంతో సాయంత్రానికల్లా తయారు.

ఇంకోసారి అంచు ఊడిందో, ఇది దమ్ము సీజనని చెప్పి తమరిని దింపేస్తాను. కేజ్ వీల్స్‌తో తారురోడ్డు ఎక్కకూడదంటారా? నా షోకేసులో తారురోడ్డు లేదు.

ఇట్లు,
వేళ్లు అతుక్కుపోయిన తమ విధేయుడు