రాత్రి వేడిని ఎవరూ లెక్కలో వేయరా?

ఎండాకాలం రాగానే నల్లగొండలో 44, మహబూబ్‌నగర్‌లో 42 అంటూ పగటి అంకెల పందెం మొదలవుతుంది. ఆ అంకెలను నేను తేలిక చేయడం లేదు. 2015 మే నెలలో వడదెబ్బకు మా జిల్లాలో ఎందరు పోయారో చూసినవాళ్లం. కానీ యాసంగి (రబీ) వరి మీద బతికే ఇంట్లో పుట్టినవాడిగా నా ఫిర్యాదు వేరు: పంటను లోలోపల తినేస్తున్న రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత గురించి ఎవరూ మాట్లాడరు.

పగలు ఆకు తయారు చేసిన ఆహారంలో కొంత రాత్రి శ్వాసక్రియకే ఖర్చవుతుంది. రాత్రి ఎంత ఉక్కగా ఉంటే ఆ ఖర్చు అంత పెరిగి, గింజకు చేరేది అంత తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన సొంత పొలాల లెక్కలతో 2004లో ఇదే చూపింది: వానలు లేని కాలపు పంటలో కనిష్ఠం ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది, గరిష్ఠం ప్రభావం మాత్రం చెప్పుకోదగ్గదిగా తేలలేదు. అక్కడి నేల వేరు, మన నేల వేరు, నిజమే. వరి మాత్రం వరే.

నిరుడు మార్చి ఆఖరులో మా నాయిన ఒక వెన్ను తెంపి, అరచేతిలో నలిపి ఊదాడు. సగం గాలికి లేచిపోయింది. "రాత్రిళ్లు సల్లబడుతలేదు బిడ్డా, గింజ ఏడ నిండుతది" అన్నాడు. తాలు (నిండని గింజ) ఎక్కువైందని చెప్పుకోవడానికి అధికారుల దగ్గరికి వెళ్తే, ఆ నెల సగటు సాధారణానికి దగ్గరగానే ఉందని ఒక కాగితం చూపించి పంపేశారు.

ఆ సాధారణం అంటే ముప్పై ఏళ్ల సగటు. నిన్నమొన్నటి దాకా 1981–2010 సగటుతో పోల్చేవారు, ఇప్పుడు 1991–2020తో పోలుస్తున్నారు. కొలబద్దే వేడెక్కుతూ పోతే తేడా చిన్నగా కాక ఎలా కనిపిస్తుంది? వాతావరణ శాఖ నిబంధనల్లో వెచ్చటి రాత్రికి ఒక నిర్వచనం ఉన్నా, పగలు 40 డిగ్రీలు తాకితేనే అది వర్తిస్తుంది. మార్చిలో పగలు 37 ఉండి, రాత్రి మామూలుకంటే ఐదు డిగ్రీలు ఎక్కువగా ఉడికినా ఆ రాత్రి లెక్కకు రాదు.

పైగా సగటు ఒడిదుడుకులను మింగేస్తుంది. సంక్రాంతికి ముందు చలి ముదిరితే నారు ఎర్రబారి ఎదగదు, నాటు వెనకబడుతుంది, ఈనిక (వెన్ను బయటికి రావడం) ఏప్రిల్ ఎండల్లోకి జరుగుతుంది. పూత విచ్చుకునేది పొద్దున పదికీ మధ్యాహ్నానికీ మధ్య. ఆ గంటల్లో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. రైతు చలికీ నష్టపోతాడు, ఎండకూ నష్టపోతాడు. సీజను సగటు తీసేవారికి మాత్రం రెండూ చెల్లుకు చెల్లు.

దీనికి తోడు 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. పాత పాలమూరు (విడిపోక ముందటి ఉమ్మడి మహబూబ్‌నగర్) పేరున్న అంకెలనూ ఇప్పటి మహబూబ్‌నగర్ అంకెలనూ పక్కపక్కన పెట్టి ధోరణి చెప్పేవారు ముందు హద్దులు సరిచూసుకోవాలి.

మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టారు, కనిష్ఠం రోజూ నమోదవుతూనే ఉంది. పొట్ట దశ (వెన్ను ఇంకా కాడలోనే ఉండే దశ) నుంచి గింజ గట్టిపడే దాకా ఆ రాత్రుల వరుసను పంచాయతీ గోడకు అతికించండి. పంట నష్టం రాయడానికి వచ్చేవారు నెల సగటును పక్కనపెట్టి, ఆ వరుసను చేతపట్టుకుని మడిలోకి దిగాలి.