‘ణ’తో మొదలయ్యే ఆత్మీయత

మా మేనకోడలికి మగపిల్లాడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. మిగిలినవాళ్ళమే క్షేమంగా లేం. పిల్లాడికి పేరు పెట్టాలి.

ఈ పనిని మన పెద్దలు ఎంత అశ్రద్ధగా చేసేవారో తలుచుకుంటే బాధేస్తుంది. మగపిల్లాడైతే తాత పేరు, ఆడపిల్లయితే నానమ్మ పేరు, ఆ స్టాకు అయిపోతే ఇలవేల్పు పేరు. మా తాతకి తొమ్మిదిమంది సంతానం. తొమ్మిది పేర్లకీ కలిపి ఆయన ఒక చుట్ట కాలేంత సేపు ఆలోచించి ఉంటాడేమో. మా అల్లుడు పన్నెండు రోజులుగా ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఆ అక్షరం ‘ణ’.

పిల్లాడిది హస్తా నక్షత్రం, మూడో పాదం. పంచాంగంలో హస్తకి పూ, షం, ణా, ఠా అని పేరు మొదలవ్వాల్సిన అక్షరాలు నాలుగు, పాదానికొకటి చొప్పున రాసుంటాయి. మొదటి పాదంలో పుట్టుంటే పూర్ణచంద్రరావు అనేసి భోజనాలకి లేచేవాళ్ళం. పాదానికి సుమారు ఆరు గంటలు. పన్నెండు గంటలు తాత్సారం చేసి మమ్మల్ని తీసుకొచ్చి ణా దగ్గర దించాడు. ‘ణ’తో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటి చెప్పండి చూద్దాం. బళ్ళో అక్షరాల పటం మీద కూడా ‘ణ’ పక్కన వీణ బొమ్మో బాణం బొమ్మో వేసి సరిపెట్టేస్తారు. ఆర్ద్ర మూడో పాదం వాళ్ళకి ‘ఙ’ వస్తుందని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. మనకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళని చూస్తే వచ్చే ధైర్యం అది.

“దానికేముందండీ, ‘ణ’కి బదులు ‘న’ పెట్టుకోండి” అన్నారు పురోహితులవారు.

“బదులంటే, మరి పవర్ తగ్గదాండీ?” అని అడిగాడు అల్లుడు. ఆయన సాఫ్ట్‌వేరు.

అల్లుడి దగ్గర ఎక్సెల్ షీటు ఉంది. అందులో కాలమ్స్ ఉన్నాయి. నక్షత్రాక్షరం ఉందా, న్యూమరాలజీ కుదిరిందా, సంస్కృతంలో అర్థం ఉందా, గూగుల్‌లో ఇంకెవరికైనా ఉందా (ఉండకూడదు), అమెరికావాళ్ళ నోరు తిరుగుతుందా, చిట్టచివర “వార్మ్‌గా, ఫ్రెండ్లీగా ఉందా” అని పదికి మార్కులు. అమెరికా కాలమ్ డాలస్‌లో ఉన్న ఆడపడుచుది. పిల్లాడు పుట్టింది కాకినాడలో, పెరగబోయేది హైదరాబాదులో. అయితేనేం, ఇరవై రెండేళ్ళ తరవాత ఎమ్మెస్‌కి వెళ్తే అక్కడి ప్రొఫెసర్ ఇబ్బంది పడకూడదు కదా. పక్కింటావిడ నోరు తిరుగుతుందా అనే కాలమ్ మాత్రం షీటులో లేదు.

గూగుల్ షరతు నాకు బాగా నచ్చింది. ఊరంతా పిలవాల్సిన పేరు ఊళ్ళో ఒక్కరికీ తెలిసి ఉండకూడదట.

ఇక అర్థాల సంగతి. ఇంటర్నెట్‌లో ఏ పేరు కొట్టినా అర్థం ‘విష్ణుమూర్తి’ అనే వస్తోంది. లేదంటే ‘సూర్యకిరణం’. నాకు అనుమానం వచ్చి కీబోర్డు మీద నాలుగక్షరాలు ఇష్టమొచ్చినట్టు టైపు చేశాను. దానికీ విష్ణుమూర్తే వచ్చాడు. సహస్రనామంలో ఆయనకి వెయ్యి పేర్లున్నాయి. అవి మన అవసరాలకి చాలలేదన్నమాట.

ఈ వడపోతలన్నీ దాటి మూడు పేర్లు నిలిచాయి: నక్ష్, నైతిక్, నివాన్ష్. వీటికి ‘వార్మ్’ మార్కులు ఎలా వెయ్యాలన్నది ప్రశ్న. అల్లుడు ఒక పరిశోధన ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. చదివాను. నిజంగానే బావుంది. 1929లో కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రెండు బొమ్మలు చూపించాడు, ఒకటి గుండ్రంగా మెత్తగా ఉన్నది, ఇంకోటి ముళ్ళుముళ్ళుగా ఉన్నది. వీటిలో ‘టకేటె’ ఏది, ‘బలూబా’ ఏది అని అడిగితే ఎక్కువమంది గుండ్రటిదే బలూబా అన్నారు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ అనే ఇద్దరు ‘కికి’, ‘బూబా’ అనే మాటలతో అమెరికా విద్యార్థులనీ, ఇక్కడి తమిళులనీ అడిగారు. నూటికి 95 మంది దాకా ఒకటే మాట: గుండ్రటిది బూబా. తమిళనాడు దాకా వచ్చినవాళ్ళు ఇంకో అడుగు వేసి మనల్నీ అడగాల్సింది. బూబా ఏంటండీ, మా ఇంటికో బుజ్జి ఉన్నాడు, తీసుకెళ్ళి చూసుకోండి అనేవాళ్ళం.

ఆ లెక్కన ‘నక్ష్’ అనేది ముళ్ళ బొమ్మ. కాగితం మీద బానే ఉంది. కానీ పేరున్నది పిలవడానికి కదా. బళ్ళో విభక్తులు వల్లించినప్పుడు ‘ఓ, ఓయి, ఓరి, ఓసి, సంబోధన ప్రథమా విభక్తి’ అని ఒకటి వచ్చేది. పిలుపు కోసమే వ్యాకరణంలో ఒక గది కట్టించుకున్న జాతి మనది. పైగా తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటుంది కాబట్టి దాన్ని వీధి చివరిదాకా సాగదియ్యొచ్చు. “రామయ్యాఽఽఽ” అంటే రెండు వీధులవతల గోలీలాడుతున్నవాడు తలెత్తుతాడు. ‘నివాన్ష్’ని ఎక్కడ సాగదియ్యాలి? చివర మిగిలేది ‘ష్’. మనం ‘ష్’ అనేది కోళ్ళని తోలడానికి.

అందుకని నేనొక పరీక్ష ప్రతిపాదించాను, కేక పరీక్ష. మా అమ్మకి ఎనభై నాలుగేళ్ళు, పళ్ళు నాలుగు. ఆవిడ వీధిగుమ్మంలో నిలబడి పేరు కేకెయ్యాలి, మేం చెరువుగట్టు మీంచి వినాలి. మొదట ‘నక్ష్’. గాలికి మాకు వినబడింది తుమ్ము. రెండోసారి మా అమ్మే సర్దుకుని “ఒరే నచ్చూ” అంది. ‘నైతిక్’ అనగానే “ఏవిటీ, నైటీయా?” అని ఆడపడుచుల వైపు చూసింది. పరీక్ష అక్కడికి ఆపాం. మూడోది తరవాత చెప్తాను.

పాత పేర్లలో ఈ వెచ్చదనం కొనుక్కోకుండానే వచ్చేది. దేవుడి పేరు చివర అయ్యో, అమ్మో, అన్నో, అక్కో ఉండేది. వెంకయ్య, లక్ష్మమ్మ, మల్లన్న, సమ్మక్క. అప్పులవాడు వాకిట్లో నిలబడి “ఏవయ్యా రామయ్యా, నా బాకీ సంగతేంటి” అని ఎగిరినా మధ్యలో రెండుసార్లు తండ్రీ అని పిలవక తప్పేది కాదు. ఇంత ఫ్రెండ్లీ ఏర్పాటుని కత్తిరించి పారేసి, దాని స్థానంలో ‘న్ష్’ అతికించాం.

అలాగని ఆ రోజుల్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఆ ‘అయ్య’ అందరికీ దక్కలేదు. ఒక వీధిలో రామయ్యగారు, ఇంకో వీధిలో రామిగాడు. ఇద్దరిదీ ఒకే నక్షత్రం, ఒకే పాదం కావచ్చు. ఇటువైపు పిల్లాడు మూతి మీద నూగు రాకుండానే ‘గారు’ అయిపోయేవాడు. అటువైపు ముసలాయన కాటికి పోయేదాకా ‘గాడే’. మన పాత పేర్ల తియ్యదనం గురించి ఉపన్యసించేవాళ్ళు ఈ పేజీ ఎందుకో గబగబా తిప్పేస్తారు. ఆ రెండో వీధి మనవడికి ఎవరైనా తోక తగిలించడానికి చోటు లేని పేరు వెతుక్కుంటే నేను మాత్రం నవ్వను.

ఇంకో రకం పేర్లున్నాయి. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఈసారైనా దక్కాలని బిడ్డని పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనేవారు. ఎంగిలి విస్తట్లో పొర్లించి పుల్లయ్య అనేవారు. యముడికి అసహ్యం వేసి వదిలేస్తాడని. అల్లుడి షీటులో పెంటయ్యకి ‘వార్మ్’ కాలమ్‌లో సున్నా పడింది.

ఈలోగా గడువు దగ్గర పడింది. ఇక్కడొక విచిత్రం చూడండి. మా ఇంట్లో బారసాల 21వ రోజున. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఇచ్చే గడువూ 21 రోజులే. ఉయ్యాలకీ సర్కారుకీ ఒకే ముహూర్తం. అయితే ఆ 21 రోజుల్లో పుట్టాడని చెప్తే చాలట, పేరు ఖాళీగా వదిలెయ్యొచ్చు. ఏడాది లోపు చేర్పిస్తే రుసుం లేదు. లేటు ఫీజు కడితే పదిహేనేళ్ళ దాకా చేర్పించవచ్చు. పదిహేనేళ్ళు! ఈ రూలు రాసినాయన ఏదో తెలుగింటి బారసాలకి భోజనానికి వచ్చుంటాడు.

బారసాల రోజున కంచంలో బియ్యం పోసి అల్లుడి చేతికి ఉంగరం ఇచ్చారు. ‘నివాన్ష్’ ఖాయమైంది. న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషులో మూడు ‘ఏ’లు, చివర రెండు ‘హెచ్’లు ఉండాలి. కంచం చాల్లేదు. పళ్ళెం తెమ్మన్నారు. పురోహితులవారు గడియారం చూసుకుని “తెలుగులో రాసెయ్యండి బాబూ, మళ్ళీ వర్జ్యం వచ్చేస్తుంది” అన్నారు.

అప్పుడే మా అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని “ఏం పేరన్నారు?” అంది. మేనకోడలు గట్టిగా చెప్పింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, “పోన్లేవే తల్లీ, ఆఖరికి మీ తాత పేరే పెట్టారు” అంది.

మా నాన్న పేరు శ్రీనివాసరావు. అల్లుడు ఏదో అనబోయాడు. మేనకోడలు అతని కాలు తొక్కింది.

ఇక్కడివరకూ బానే ఉంది. చిక్కు తరవాత వచ్చింది. మా అమ్మ జన్మలో మొగుడి పేరు పలికి ఎరగదు. రేషన్ కార్డు కోసం అడిగినా నా వైపు చూపించి చెప్పమనేది. అలాంటిది మునిమనవణ్ణి ఇప్పుడు ఆ పేరుతో ఎలా పిలుస్తుంది? పాతకాలంలో తాత పేరున్న ప్రతి మనవడికీ ఇంట్లో ఇంకో పేరుండేది ఇందుకే. అమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

“నేను వీణ్ణి బుజ్జి అంటాను.”

“నానమ్మా,” అంది మేనకోడలు వరస మరిచిపోయి, “బుజ్జి మావయ్య ఉన్నాడుగా!”

బుజ్జి మావయ్యని నేనే. మా అమ్మ నా వైపు తిరిగింది. “ఏవిరా, ఏభై ఆరేళ్ళు వాడుకున్నావు. ఇంకెన్నాళ్ళు? పిల్లాడికి ఖాళీ చేసెయ్.”

నేను రాజీకి వచ్చాను. నేను పెద్ద బుజ్జి, వాడు చిన్న బుజ్జి. కానీ చిన్న బుజ్జి అని వైజాగ్‌లో మా తమ్ముడి కూతురు ఉంది, బ్యాంకు మేనేజరు, ఆ అమ్మాయి ఫోన్లోనే అభ్యంతరం చెప్పింది. బుల్లి బుజ్జి అంటే డాలస్‌లో నోరు తిరగదట. విషయం పరిశీలనలో ఉంది.

సాయంత్రం వరండాలోంచి అమ్మ “ఒరే బుజ్జీఽఽఽ” అని కేకేసింది. నేను “ఆఁ” అన్నాను. లోపల ఉయ్యాల్లో వాడు గుక్కపట్టాడు. అల్లుడు లాప్‌టాప్ తెరిచి కొత్త కాలమ్ పెట్టాడు.