మెదడు మాట వేళ్లకు చేరాలి

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని చూడగానే అందరి దృష్టీ కాళ్ల మీదికే పోతుంది. మళ్లీ నడవగలరా అని అడుగుతాం. ఆ మనిషి మనసులోని కోరిక చాలాసార్లు వేరే ఉంటుంది. కాళ్లూ చేతులూ చచ్చుబడినవారి అభిప్రాయాలు సేకరించి 2004లో అమెరికాలో ప్రచురించిన ఒక సర్వేలో, దాదాపు సగం మంది అన్నిటికన్నా ముందు చేతులు తిరిగి రావాలన్నారు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగడం, బొత్తాం పెట్టుకోవడం, మూత్రం కోసం గొట్టం తామే అమర్చుకోవడం, చక్రాల కుర్చీని తామే తోసుకోవడం. ఇంకొకరి చేయి ఖాళీ అయ్యేదాకా కాచుకోనక్కర్లేని రోజు అంటే వారికి అదే.

ఆ రోజును కొందరికైనా దగ్గర చేసే మార్గం ఒకటి కనిపిస్తోంది. శస్త్రచికిత్స లేకుండా, లోపల ఏ పరికరమూ అమర్చకుండా, మెడ వెనుక చర్మంపై అంటించిన ఎలక్ట్రోడ్ల ద్వారా వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇవ్వడం ఆ మార్గం. గాయం తర్వాత కూడా చాలామందిలో కొన్ని నాడీ తంతులు తెగకుండా మిగులుతాయి. మెదడు ఆజ్ఞ వాటి గుండా దిగుతూనే ఉంటుంది. అయితే కింది నాడీకణాలను కదిలించే బలం దానికి చాలదు. బయటినుంచి ఇచ్చే విద్యుత్తు స్పర్శ నాడుల మూలాల మీదుగా ఆ కణాలను అప్రమత్తం చేస్తుంది. అప్పుడు ఆ బలహీనమైన ఆజ్ఞకే వేళ్లు బదులు పలుకుతాయి. అంటే యంత్రం చేతిని కదపదు, కదిపేది ఆ మనిషే. ఈ తేడా తెలియకుండా ఈ చికిత్స గురించి మాట్లాడటం ప్రమాదం.

2024 మే నెలలో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వెలువడిన అప్-లిఫ్ట్ అధ్యయనం ఇందుకు సాక్ష్యం. అమెరికాలోనూ, మరికొన్ని దేశాల్లోనూ 14 కేంద్రాలలో 60 మంది మొదటి రెండు నెలలు పునరావాస శిక్షణ మాత్రమే తీసుకున్నారు. తర్వాతి రెండు నెలలు అదే శిక్షణకు విద్యుత్ ప్రేరణ తోడైంది. వారిలో 43 మందికి, అంటే 72 శాతానికి, చేతి బలమూ పనితీరూ రెండూ గుర్తించదగినంత మెరుగుపడ్డాయి. పరికరం వల్ల తీవ్రమైన హాని ఎవరికీ జరగలేదు. పాల్గొన్నవారిలో గాయమై 34 ఏళ్లు గడిచినవారూ ఉన్నారు. ఏడాది దాటితే ఇక మార్పు ఉండదని రోగులకు చెప్పే అలవాటు వైద్యరంగంలో చాలాకాలంగా ఉంది. ఆ మాటను ఇంకా పలికేవారు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలని మా విన్నపం.

2024 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరికరానికి అనుమతి ఇచ్చింది. అది పాక్షిక గాయాలకే పరిమితం, చేతితో చేసే సాధన దానికి తప్పనిసరి తోడు. వెన్నుపాము పూర్తిగా తెగినవారికి ఈ ఫలితాలను చూపి ఆశలు అమ్మడం మోసమవుతుంది. ఇంకొక లోటునూ దాచకూడదు. ఈ అధ్యయనంలో ఉత్తుత్తి ప్రేరణ ఇచ్చిన పోలిక బృందం లేదు. అదే మనిషి మొదటి రెండు నెలలతో తర్వాతి రెండు నెలలను పోల్చారు. మెరుగుదలలో శిక్షణ కొనసాగడం వాటా ఎంత, విద్యుత్తు వాటా ఎంత అన్నది తేల్చే పరీక్షలు ఇంకా జరగాలి.

అయితే పరికరం ధర గురించి జరిగే చర్చలో అసలు విషయం మరుగున పడుతుందని మా భయం. ఆ నాలుగు నెలలూ ప్రతి సందర్శనలో ఆ 60 మంది పక్కన ఒక చికిత్సకుడు కూర్చుని, పట్టుకో, వదులు, మళ్లీ పట్టుకో అని ఓపికగా చేయించారు. బీమా సంస్థలూ ప్రభుత్వాలూ మొదటి నెలలు దాటగానే ఆ శిక్షణ గంటలకే కత్తెర వేస్తే, ఎలక్ట్రోడ్లు ఎన్ని కొన్నా ప్రయోజనం ఉండదు. పరికరానికి నిధులిచ్చే ప్రతి పథకమూ ఫిజియోథెరపీకీ, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకీ పట్టే గంటలకూ నిధులివ్వాలి, గాయం ఎంత పాతదైనా సరే.

ఆ అధ్యయనంలో 17 మందికి అనుకున్నంత మార్పు రాలేదు. నెలల తరబడి సాధన వారూ చేశారు. ఎందుకు రాలేదో పరిశోధించి, ఎవరికి పనిచేస్తుందో ముందే గుర్తించే దారి కనుక్కోవడం తయారీ సంస్థల ఇష్టానికి వదలకుండా, ప్రజాధనంతో నడిచే పరిశోధన సంస్థలు చేపట్టాలి.