సవరణ: చూరుకు మంచు వేలాడితే రూఫ్ పోయినట్టేనా?

చూరు వెంట మంచు కడ్డీలు వేలాడుతుంటే రూఫ్ మార్చాల్సిందే అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ముందటి పోస్టులో ఉంది. అది అలా తీసుకోకండి. ఆ కడ్డీలు ఎక్కువగా చెప్పేది షింగిల్స్ (రూఫ్ మీద వరసగా పరిచే పలకలు) సంగతి కాదు, ఇంట్లోంచి పైకి పోతున్న వేడి సంగతి. రూఫ్ కిందున్న అటక వెచ్చబడితే రూఫ్ మీది మంచు కరిగి కిందికి జారి, చల్లటి చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. దాని వెనక నిలిచిన నీళ్లు షింగిల్స్ కిందికి పాకుతాయి. నిన్న వేసిన రూఫ్‌కైనా ఇదే గతి.

కాబట్టి ముందు టార్చి పట్టుకుని అటక చూడండి. గట్టి చలిలో రూఫ్ చెక్కలోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకుల మొనల మీద తెల్లగా మంచు పేరుకుంటే, ఇంట్లోని తేమగాలి అక్కడికి చేరుతున్నట్టే. చెక్క నల్లబడిందా, ఇన్సులేషన్ (వేడి పైకి పోకుండా అటకలో పరిచే పొర) తడిసి అణిగిందా కూడా చూడాలి. షింగిల్స్ అంచులు లేచాయా, వాటి పైనున్న రాతి రవ్వ రాలి బోడి మచ్చలు పడ్డాయా అన్నది మంచు పోయాక బైనాక్యులర్స్‌తో కింద నుంచే తెలిసిపోతుంది.